నలభై ఒకటో నంబరు బిళ్ళ

కిందటి వారం మనం సమీనాను ఆనందపురం జంక్షన్లో, స్కూటర్ మీద, పట్టరాని కోపంతో వదిలిపెట్టాం. ఆ కోపం ఎందుకో మరచిపోయినవాళ్ళ కోసం నాలుగు మాటలు.

విశాఖ పాతనగరంలో కురుపాం మార్కెట్ వెనక సందులో సమీనాకు ఒక చిన్న దుకాణం ఉంది. తాతల నాటి నుంచి గిన్నెల మీదా బిందెల మీదా పేర్లు చెక్కే దుకాణం. ఇప్పుడు కంప్యూటరు మెషీను వచ్చాక నేమ్ బోర్డులు, షీల్డులు, శిలాఫలకాలు అన్నీ చేస్తోంది. పోయిన వారం ఆ దుకాణానికి ఒక పెద్ద స్టీలు బోర్డు ఆర్డరు వచ్చింది. ఇచ్చినాయన గురునాథరావు గారు, నేవీలో ఇంజినీరింగ్ ఆఫీసరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. సర్వీసు ముగిసిన పాత యుద్ధ విమానం ఒకటి ట్రెయిలర్ మీద మన ఊరు చేరింది కదా, దాన్ని సముద్రం ఒడ్డున దిమ్మె మీద నిలబెట్టే కమిటీకి ఆయన అధ్యక్షుడు. ఆవిష్కరణ వచ్చే ఆదివారం. బోర్డు మీద ఆ విమానం చరిత్ర ఉండాలి. ఆ చరిత్ర రాసింది కూడా ఆయనే.

ఆ విమానం 1984లో నౌకాదళంలో చేరిందట. ఓడ మీంచీ నేల మీంచీ రెండు వేల గంటలకు పైగా ఎగిరిందట. 1998 నవంబరు 20న, పడమటి తీరంలోని స్థావరంలో దిగుతుండగా ఎడమ చక్రం కాలు విరిగి రన్‌వే మీద పడిపోయిందట. పైలట్ వెన్నుపూస దెబ్బతిన్నా ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ కింద ఒక వాక్యం ఉంది. "41వ నంబరు టోకెను గల టెక్నీషియన్ నిర్లక్ష్యంగా లోపల మరచిపోయిన స్పానరే ఈ ప్రమాదానికి కారణమని విచారణలో తేలింది."

ఆ నలభై ఒకటో నంబరు ఎవరో కాదు, సమీనా తండ్రి కరీం. పద్నాలుగేళ్ళ రెండు నెలలు సర్వీసు చేసి, ఇంకో పది నెలల్లో పింఛను వస్తుందనగా ఆ స్పానరు పుణ్యమా అని ఇంటికొచ్చేసిన మనిషి. దుకాణం బోర్డు మీద సమీనా పేరే ఉంది కాబట్టి గురునాథరావుకు అది ఎవరి కొట్టో తెలియదు. కరీం మాత్రం ఆ కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, "సెక్కేయమ్మా. అచ్చరం తప్పు పోకుండా సెక్కు" అని లోపలికి వెళ్ళిపోయాడు. అంతే.

సమీనాకు నిద్ర పట్టలేదు. ఊరికే ఫోనులో ఆ తేదీ కొట్టి చూసింది. శుక్రవారం. శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళ నాన్న మసీదులో కాక విమానాలు బాగుచేసే హ్యాంగర్లో ఎందుకుంటాడు? తల్లి మెహబూబ్ బీని నిలదీస్తే ఆవిడ కాసేపు నీళ్ళు నమిలి, చివరికి బయటపెట్టింది. "శుక్కురారం శుక్కురారం మీ నాన్న బిళ్ళలన్నీ సన్యాసిరాజన్న కాడ ఎట్టి నమాజుకెల్లేవోడు."

బిళ్ళలంటే ఇత్తడి టోకెన్లు. హ్యాంగర్లో ప్రతి టెక్నీషియన్‌కీ తన నంబరు కొట్టిన బిళ్ళలు అయిదు ఇస్తారు. గోడ బోర్డు మీంచి ఏ పనిముట్టు తీసినా దాని మేకుకు తన బిళ్ళ తగిలించాలి. పనిముట్టు తిరిగి పెట్టి బిళ్ళ తీసుకోవాలి. విమానం లేచేముందు మేకుకు బిళ్ళ వేలాడుతోందంటే పనిముట్టు ఎక్కడో లోపల ఉండిపోయిందని లెక్క. బిళ్ళ ఎవరిదో తప్పు వాడిది. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టకూడదన్నది అక్కడ మొదటి రూలు.

ఇదీ సంగతి. ఇప్పుడు మంగళవారం పొద్దున్న పది గంటలు, సమీనా స్కూటర్ పద్మనాభం రోడ్డు ఎక్కింది.

రోడ్డుకు రెండు పక్కలా వరి కోతలు సాగుతున్నాయి. ఆమె ఏదీ చూడలేదు. దారి పొడుగునా ఒకటే ప్రశ్న నోట్లో తిప్పుకుంటూ వచ్చింది. ఇంటికి వెళ్ళగానే అడిగేయాలి. మంచినీళ్ళు ఇచ్చేలోపే అడిగేయాలి. ఎందుకంటే ఆదిలక్ష్మమ్మత్త చేతి నీళ్ళు తాగి, ఆవిడ పలకరింపు విన్నాక ఆ ఇంట్లో గొంతు పెంచడం ఎవరి తరమూ కాదు.

సన్యాసిరాజు ఇల్లు ఊరి మొదట్లోనే ఉంటుంది. సమీనా చిన్నప్పుడు రంజాన్‌కు పాతనగరం నుంచి ఈ ఇంటికి సేమియా క్యారేజీ వచ్చేది, ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి ఏటేటా కొత్త బియ్యం బస్తా వెళ్ళేది. కరీమూ సన్యాసిరాజూ ఒకే రోజు నేవీలో చేరారు. ఒకే హ్యాంగర్లో పనిచేశారు. బావా అంటే బావా అనుకున్నారు. ఒకడు మధ్యలో ఇంటికొచ్చేస్తే ఇంకొకడు పూర్తి సర్వీసు చేసి, ప్రమోషన్లు తెచ్చుకుని, పింఛనుతో ఊరు చేరాడు. అయినా ఆ బియ్యం బస్తా మాత్రం ఏ సంవత్సరమూ ఆగలేదు. ఆ బియ్యం ఇన్నాళ్ళూ ఎందుకు వచ్చాయో ఇప్పుడు తలుచుకుంటూ సమీనా వాకిట్లో స్కూటర్ ఆపింది.

"ఓలమ్మా, సమీనా! సెప్పాపెట్టకుండా ఒచ్చినావేటి? కూకో కూకో. ఎండనపడి ఒచ్చినావు, మంచినీల్లు తెత్తానుండు" అంటూ ఆదిలక్ష్మమ్మ వాకిట్లోకి ఎదురొచ్చింది.

"నీల్లు తరవాత అత్తా. ముందు మావయ్యని పిలు."

"పిలవడమేటి, లోపలే ఉన్నారు. అద్దం ముందర. పొద్దున్నించి మీ మావ పెల్లికొడుకైపోనారు."

పిలవకుండానే సన్యాసిరాజు బయటికొచ్చాడు. పైన కొత్త నీలం బ్లేజరు, దాని మీద వరసగా అయిదు పతకాలు, కింద గళ్ళ లుంగీ. ఇంకో రోజైతే సమీనా పగలబడి నవ్వి ఫొటో తీసేదే.

"సరీగ్గా టయానికొచ్చినావు. ఎలగుందో సెప్పు" అని ఆయన అటూ ఇటూ తిరిగి చూపించాడు. "మద్దిలపాలెంల కుట్టించినాను. ఆదివారం నన్ను స్టేజీ మీద కూకోబెట్టి శాలువా కప్పుతారంట. ఆ ఇమానం మీద పనిసేసినోల్లల్ల ఈ జిల్లాల మిగిలింది నానేనంట. గురునాథరావు సారు సొయంగా ఫోన్ సేసి పిలిసినారు."

మిగిలింది నానేనంట! పాతనగరంలో, ముప్పై కిలోమీటర్ల దూరంలో, అదే విమానం మీద చేతులు కాల్చుకున్న మనిషి ఇంకొకడు బతికే ఉన్నాడన్న సంగతి ఈ నోటికి గుర్తు రాలేదు. సమీనాకు ఒళ్ళు మండిపోయింది. సంచిలోంచి కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"సదువు మావయ్యా. ఆదివారం నీ శాలువా పక్కన నిలబెట్టే బోర్డు మీద ఇదే ఉంటాది."

ఆయన కాగితం దూరంగా పట్టుకుని పెదవులు కదుపుతూ చదివాడు. సగం దాకా బాగానే కదిలిన పెదవులు ఒకచోట ఆగిపోయాయి.

"పాత సంగతులు గదమ్మా ఇయ్యి" అన్నాడు కాగితం మడిచేస్తూ. "బోర్డులు ఎవులు సదువుతారు? ఐస్‌క్రీములు తింటా ఫొటోలు దిగి ఎల్లిపోతారు. బావ పేరైతే ఎయ్యలేదు గదా."

"నంబరేసినారు. నేవీలో పనిసేసిన ప్రతివోడికీ ఆ నంబరు మా నాన్నదని తెల్సు. ఇంకోటి తెల్సా మావయ్యా? ఆ బోర్డు సెక్కాల్సింది నాను. నా కొట్టుకే ఒచ్చింది ఆర్డరు."

సన్యాసిరాజు ముఖంలో రంగు మారింది. అరుగు మీది నులకమంచం మీద మెల్లగా కూర్చున్నాడు. పతకాలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. సమీనా మాత్రం నిలబడే ఉంది.

"ఆయేల శుక్కురారం. మద్దేనం ఆ ఇమానం మీద పని జరిగినప్పుడు మా నాన్న హ్యాంగర్ల ఉన్నాడా?"

"ఇరవై ఏడేల్లైపోనాది. నాకేటి గేపకముంటాది?"

"నా మొగం సూసి సెప్పు."

"జుమ్మాకి ఎల్లుంటాడేమో. సెప్పలేను."

"మరి ఆయన బిళ్ళలు ఎవులకాడున్నాయి?"

ఆయన లుంగీ అంచు సర్దుకున్నాడు. బ్లేజరు గుండీ ఒకటి విప్పాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పుడే ఆదిలక్ష్మమ్మ గ్లాసుతో వచ్చింది. ఆ ఇల్లాలికి ఈ గొడవేమీ తెలియదు. కానీ విన్న ప్రశ్నకు తనకు జవాబు తెలుసు, తెలిసిన జవాబు చెప్పకుండా ఉండటం ఆమెకు చేతకాదు.

"ఇంకెవులకాడుంటాయి? మీ మావకాడే. అన్నయ్య నమాజుకెల్తే ఆ బిళ్ళలు ఈయనకిచ్చే ఎల్లేవోడు. ఓపాలి మర్సిపోయి జేబులేసుకుని క్వార్టర్సుకి తెచ్చేసినారు. తిట్టి సైకిలిచ్చి ఎనక్కి తోలినాను. గేపకం లేదేటండీ?"

ఆదిలక్ష్మమ్మ భర్త ముఖం చూసింది, సమీనా ముఖం చూసింది, మంచం మీది మడత కాగితం చూసింది. గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"ఆ స్పానరు తీసింది నానే" అన్నాడు సన్యాసిరాజు నేలకేసి చూస్తూ. "నా అయిదు బిళ్ళలూ అప్పటికే మేకులకున్నాయి. ఒంటిగంటకి పావు తక్కువుంటాది. ఓ స్పానరు కావాల్సొచ్చి బావ బిళ్ళ తగిలించి తీసినాను. రెండింటికి బావొచ్చి బిళ్ళలడిగితే నాలుగిచ్చినాను. అయిదోది బోర్డుకే ఉంది, పనైపోనాక తెచ్చిత్తానన్నాను. ఇంతట్ల క్యాంటీన్‌కి రమ్మన్నారు ఎవులో. టీ తాగొచ్చేతలికి మేకుల బోర్డు సూడకుండానే ఇమానం తోలేసినారు."

"అంటే ఆ బిళ్ళ తగిలించింది నువ్వు."

"నానే."

అడగాలని వచ్చిన ప్రశ్న ఇదే. జవాబు వచ్చేసింది. కానీ సమీనా కన్నా ముందు పేలింది ఆదిలక్ష్మమ్మ.

"ఏటన్నావు?" ముప్పై ఏళ్ళుగా మీరు, తమరు తప్ప ఎరగని నోరు అది. "ఇన్నేల్లు నా కాడ ఏటి సెప్పినావు? 'కరీంకి మతిమరుపు, అదే ఆడి కొంప ముంచింది' అన్నావు. నానదే నమ్మి అన్నయ్య ఒచ్చినప్పుడల్లా ఏలాకోలమాడేదాన్ని. 'జోల్లు ఏసుకోడం మర్సిపోకు అన్నయ్యా' అనేదాన్ని. నవ్వేవోడు! నా మొగం మీద నవ్వేవోడు తప్ప పల్లెత్తు మాటనలేదు!"

"బావే వద్దన్నాడే" సన్యాసిరాజు అడ్డుపడ్డాడు. "ఇసారణకెల్లే ముందర నా సెయ్యట్టుకుని సెప్పినాడు. 'ఒకలి బిళ్ళ ఒకలు వాడినామని తెలిస్తే ఇద్దర్నీ తీసేత్తారు. నీకు గుంట పుట్టి నెల కాలేదు. ఇద్దరం రోడ్డున పడ్డమేల? బిళ్ళ నాది, నానే పోతాను' అన్నాడు. హ్యాంగర్ల నానే ఉన్నానని రాసిచ్చేసినాడు. నానేటి సెయ్యను?"

సమీనాకు ఒక్క క్షణం కళ్ళు చెమర్చాయి. ఆమె తండ్రి తప్పు చేయలేదని తెలుసుకోవాలని వచ్చింది. ఆయన ఇంత పని చేశాడని మాత్రం ఊహించలేదు. ఆ వెంటనే కోపం రెట్టింపై తిరిగొచ్చింది.

"ఆయన వద్దన్నాడు, నువ్వు సరేనన్నావు. అంతేనా మావయ్యా? ఒక రోజు సరేనన్నావు, బాగుంది, బయపడ్డావు అనుకుందాం. తరవాత? నిర్లచ్చం అని రాసున్న ఆ కాగితం ఎట్టుకుని మా నాన్న ఏ కంపెనీ గేటుకెల్లినా ఎనక్కి పంపేసినారు. ఇంజన్లు ఇప్పి బిగించిన సేతులతోటి అమ్మలక్కల బిందెల మీద పేర్లు సెక్కుకు బతికినాడు. నా నిఖాకి ముందు పెల్లోరు ఒచ్చి 'నేవీ నుంచి ఎందుకు తీసేసినారండీ' అని నలుగుర్లో అడిగితే, 'తప్పు సేసినానండీ' అన్నాడు. తల దించుకుని మరీ అన్నాడు. నువ్వక్కడే ఉన్నావు! ఆ పందిట్ల, ముందు కుర్చీల, బిరియానీ తింటా ఉన్నావు!"

ఆ రోజు తన ఎదురుగా జరిగినది సన్యాసిరాజుకు బాగానే గుర్తుంది, అది ముఖంలో తెలుస్తూనే ఉంది.

"సరే. అయిందేదో అయింది" అంది సమీనా, గొంతు తగ్గించి. తగ్గించిన గొంతే ఎక్కువ భయపెట్టేలా ఉంది. "ఆదివారం నిన్ను స్టేజీ ఎక్కిత్తారు గదా. శాలువా కప్పించుకో, నాను అడ్డురాను. కప్పినాక మైకు అందుకో. కరీం ఆయేల మసీదుల ఉన్నాడు, ఆ స్పానరు నాది, నా స్పానరు వల్లే ఇమానం పడిపోనాది అని సెప్పు. అంతే. అది సెప్తానని మాటియ్యి, నానిప్పుడే ఎల్లిపోతాను."

"అలగ సెప్పలేనమ్మా."

"ఏల? శాలువా పోతాదనా?"

"కాదు. అది అబద్దం గనక."

సమీనాకు అర్థం కాలేదు. ఆదిలక్ష్మమ్మ గ్లాసు కింద పెట్టేసి మంచానికి ఎదురుగా నేల మీద కూలబడింది.

"ఇమానం ఎటుపక్క పడింది? సదువు, నీ కాగితంలనే ఉంది. ఎడమ కాలు ఇరిగింది. నాను పనిసేసింది కుడిపక్క" అన్నాడు సన్యాసిరాజు. ఇన్నాళ్ళూ మూసిన గొంతు ఒకసారి తెరుచుకున్నాక ఆగడం లేదు. "పడిపోనప్పుడు ముందు పరిగెట్టినోల్లల్ల నానొకన్ని. పైలట్‌ని దించి తీసుకెల్లినాక కుడి చక్రం గూట్లోకి సెయ్యెట్టి సూసినాను. నా స్పానరు ఎట్టింది ఎట్టినట్టే ఉంది. ఏ కీలుకీ తగల్లేదు. దేన్నీ ఆపలేదు. నా స్పానరు వల్ల ఆ ఇమానానికి సీమంత అన్యాయం జరగలేదు."

"మరి ఎలగ పడింది?"

"తొంబై నాలుగుల ఓడ మీద దబ్బుమని దిగినప్పుడే ఆ ఎడమ కాలు దెబ్బతింది. ఏదో అతుకేసి మల్లా ఎగరేసినారు. అతుకు పక్కన పగులొచ్చిందని తొమ్మిది రోజుల ముందర నానే సూసి, చీటీ రాసి అప్పటి మా ఆఫీసరు గురునాథరావు సారుకిచ్చినాను. ఇమానం పుస్తకంల ఎక్కించాల్సింది ఆయనే. ఎక్కిస్తే కాలు మార్సేదాకా ఎగరకూడదు. ఆ వారం పెద్దాఫీసర్లు సూడ్డానికొస్తన్నారు. 'మూడు ఇమానాలు ఎగరాల, ఆల్లు ఎల్లినాక సూద్దాంలే' అని చీటీ జేబులేసుకున్నాడు. ఆ జేబులోంచి అది మల్లా బయటికి రాలేదు."

బోర్డు మీద తొంభై నాలుగు లేదు. ఓడ మీద తిన్న దెబ్బ లేదు, వేసిన అతుకు లేదు, చీటీ లేదు. పద్నాలుగేళ్ళ చరిత్ర అని రాసిచ్చిన పెద్దమనిషి ఆ చరిత్రలో తనకు అడ్డం వచ్చిన ముక్కలన్నీ ఏరి పారేసి, ఒక గిన్నెలు చెక్కుకునేవాడి నంబరు మాత్రం గట్టిగా స్టీలులో దింపించమన్నాడు. పైగా దానికి అడ్వాన్సు కూడా ఇచ్చి, "ఫాంటు కొంచెం పెద్దది పెట్టమ్మా, దూరం నుంచి కనబడాలి" అన్నాడు.

"స్పానరు సేతిల ఎట్టుకుని నిలబడ్డాను గదా, సారు ఒచ్చినాడు. నా సేతిలోంచి తీసుకున్నాడు" సన్యాసిరాజు చెబుతున్నాడు. "ఎక్కడ దొరికిందన్నాడు. కుడిపక్కనన్నాను. కాదు, ఎడంపక్కన దొరికిందన్నాడు. నాకర్దం కాలేదు. అప్పుడు మెల్లగా సెప్పినాడు. 'మేకుకున్న బిళ్ళ నలభై ఒకటి. తీసినవాడివి నువ్వు. చెబితే ఇద్దరూ పోతారు. ఒకడు పోతే సరిపోతుంది. ఎవడు పోవాలో నీ ఇష్టం' అన్నాడు."

"నీ ఇష్టం అన్నాడు" అంది సమీనా.

"అవునమ్మా."

"నువ్వు మా నాన్నని ఎంచుకున్నావు."

ఆ మరుసటి ఏడే ప్రమోషన్ వచ్చిందనీ, దాని మీద సంతకం ఎవరిదో ఎవరూ అడక్కుండానే ఆయనే చెప్పాడు.

సమీనా అరుగు స్తంభానికి ఆనుకుంది. తప్పు చేసిన మనిషి భయంతో దాచిపెట్టాడనుకుని వచ్చింది. అలాంటి మనిషిని తిట్టవచ్చు, ఎప్పటికైనా క్షమించవచ్చు కూడా. కానీ ఇది వేరు. ఇక్కడ స్పానరు వల్ల ఎవరికీ ఏమీ కాలేదని ఈ మనిషికి మొదటి రోజునే తెలుసు. తన బావ నిరపరాధి అని తెలుసు. తనూ నిరపరాధే అని తెలుసు. తెలిసి, తన కోసం బలైపోతానని బావ వచ్చి చెయ్యి పట్టుకుంటే, ఆ చెయ్యి విదిలించి నిజం చెప్పకుండా బలి కానిచ్చాడు.

"అన్నయ్యకి తెల్సా?" ఆదిలక్ష్మమ్మ గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. "కుడిపక్క సంగతి అన్నయ్యకి తెల్సా?"

"తెలీదు. ఆయేల బావని ఇమానం దరికి రానివ్వలేదు. నాను ఎటుపక్క పనిసేసినానో ఆడెప్పుడూ అడగనూ లేదు. నా స్పానరే పడగొట్టిందని, నన్ను కాపాడినానని అనుకుంటన్నాడు. ఇప్పటికీ."

అని, ఆయన ఉన్నట్టుండి మంచం దిగి సమీనా ముందు చేతులు జోడించాడు. అరవై దాటిన మనిషి, బ్లేజరులో, లుంగీలో, కళ్ళనీళ్ళతో నిలబడ్డాడు.

"నన్నేటైనా సెయ్యమ్మా. గురునాథరావుని రోడ్డుకీడ్సు. బావకి మాత్రం సెప్పకు. పదవి పోనాది, పింఛను పోనాది, ఆడికి మిగిలింది ఆ ఒక్కటే. నా బావని కాపాడినాను అన్న మాట మీదే ఆడు ఇన్నేల్లు తల నిలబెట్టుకున్నాడు. కాపాడ్డానికి అక్కడ ఏటీ లేదని, నాను ఊరికే సూస్తా ఊరుకున్నానని తెలిస్తే ఆడు బతకడమ్మా."

ఆ మాట ఆయన తనను తాను కాపాడుకోవడానికే అంటున్నాడని సమీనాకు తెలుసు. అందులో నిజం ఉందనీ తెలుసు. రెండూ ఒకే మాటలో ఉండటం ఆమెకు మరీ మంటెత్తించింది. నాన్న పేరు నిలబెట్టాలంటే ఈ సంగతి పదిమందికీ చెప్పాలి. పదిమందిలో మొదటివాడు నాన్నే. ఇరవై ఏడేళ్ళు మోసిన బరువు ఎవరికీ అక్కర్లేని బరువని ఆయన మొహాన ఎవరు చెబుతారు? తను చెప్పగలదా? ఈ మనిషి చేతులు జోడించి తన నోటికి కూడా తాళం వేస్తున్నాడు, నాన్న నోటికి వేసినట్టే. ఎంత తెలివి, ఎంత అన్యాయం!

ఆమె చేతిలో ఫోను మోగింది. నాన్న.

ఎత్తాలా వద్దా అని ఆలోచించేలోపే వేలు పడిపోయింది. "బావ కాడే ఉన్నావు గదా? మీ అమ్మ సెప్పిందిలే" అన్నాడు కరీం. "ఆడ్ని ఏటీ అనకు. ఫోన్ ఆడికియ్యి."

సమీనా ఫోను చేతికివ్వలేదు. స్పీకరు నొక్కి మంచం మీద పెట్టింది. వినాల్సినవాళ్ళు అందరూ విననీ అనుకుంది.

"బావా, పిల్ల ఏదో ఆవేశంల ఒచ్చేసింది, మనసులెట్టుకోకు" కరీం గొంతు తేలిగ్గా, ఇంచుమించు సంతోషంగా ఉంది. వెనక మార్కెట్ రొద వినిపిస్తోంది. "దీని మెషీన్ మీద నమ్మకం లేక బోర్డు నానే సెక్కతన్నాను. సేత్తోనే. మరో సంగతి. నంబరు సూసి ఎవులో ఒకలు ఆరాలు తీస్తే మల్లా నీ దాకా ఒస్తాది. అందుకని నానే గురునాథరావు సారుకి ఫోన్ సేసినాను. కొట్టు నాదని తెలిసి ఏటేటో నసిగినాడు. నంబరు తీసేసి నా పేరే ఏసేత్తాను సార్ అన్నాను. సరేనన్నాడు. పేరు ఇప్పుడే మొదలెట్టినాను, క అచ్చరం అయిపోనాది. ఇంక ఎవులూ నీ ఏపు సూడరు. శుబ్బరంగా శాలువా కప్పించుకో బావా. ఇంటన్నావా?"

సమీనా కళ్ళ ముందు దుకాణంలో బల్ల, దాని మీద నిగనిగలాడే స్టీలు పలక, దాని మీద తన పేరు తనే తప్పు కింద రాసుకుంటున్న తండ్రి వంగిన వీపు కనిపించాయి. "నాన్నా, ఆగు" అనాలనుకుంది. ఆగు అంటే ఎందుకని అడుగుతాడు.

"బావా? ఇంటన్నావా?"

ఆదిలక్ష్మమ్మ నేల మీంచి లేచింది. మంచం మీది ఫోను తీసి, మొగుడి వైపు ఒక్కసారైనా చూడకుండా, నోటి దగ్గర పెట్టుకుంది.

"అన్నయ్యా, నాను ఆదిలచ్చిమిని. సేతిల ఉలి ఉందా? ఉంటే అది పక్కనెట్టు. ఎట్టి, కూకొని నా మాట ఇను."

అవతల ఇనుము బల్ల మీద పెట్టిన చప్పుడైంది. "ఎట్టినాను సెల్లీ. ఏటైనాది?" అన్నాడు కరీం.

సన్యాసిరాజు ఒక్క అంగలో ముందుకొచ్చి ఫోను కోసం చెయ్యి చాపాడు. లాక్కుని ఆపేయడానికో, తన నోటితోనే చెప్పడానికో సమీనాకు తెలియలేదు.